బండలు రెడీ కాలేదు, ఇన్‌స్పెక్టరు టికెట్టు తీసినాడు: ఆ ఖర్చు ఎవరు కట్టాలి?

ఎర్రగుంట్ల పక్కన పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్న అన్న అడిగింది ఇదీ: యూకే బయ్యరు తరఫున సరుకు తనిఖీ చేసే ఏజెన్సీ ఇన్‌స్పెక్టరు గురువారం చెన్నై నుంచి వస్తున్నాడు. నల్ల బండల్లో మూడో వంతు ఇంకా బ్రషింగ్‌లోనే (బ్రష్షులతో రుద్దే పనిలోనే) ఉన్నాయి. రద్దు చేస్తే ఒక రోజు ఫీజూ, రైలు చార్జీలూ, కారు బాడుగా మీరే కట్టాలని ఏజెన్సీ అంటోంది. ఇది న్యాయమేనా? దానికంటే మనిషిని రానిచ్చి, ఉన్నంత సరుకు చూపిస్తే సరిపోదా?

సరిపోదు అన్నా. రానివ్వొద్దు. మీరు అడిగింది సోమవారం రాత్రి కాబట్టి ఇంకా టైముంది, మంగళవారం లోపల తేదీ మార్పించుకోండి. న్యాయమా కాదా అనేది తర్వాత మాట్లాడుకుందాం.

నేను తాడిపత్రిలో ఒక ఎక్స్‌పోర్టు యూనిట్లో డిస్పాచ్ పని చూస్తాను. ఇన్‌స్పెక్టర్లను స్టేషన్లో దింపుకోవడం నుంచి రిపోర్టు మీద సంతకం పెట్టేదాకా నా తలనొప్పే. నేను చూసినంతలో రద్దు ఫీజు కట్టి మునిగిపోయిన ఫ్యాక్టరీ ఏదీ లేదు. సరుకు సగం సగంగా ఉన్నప్పుడు మనిషిని రానిచ్చి ఆర్డరే పోగొట్టుకున్న వాళ్ళు మాత్రం ఉన్నారు.

ఎందుకో చెబుతా. షిప్‌మెంటుకు ముందు జరిగే ఆఖరి ఇన్‌స్పెక్షన్‌కు ఎక్కువ ఏజెన్సీలు పెట్టే షరతు ఒకటే: సరుకు నూటికి నూరు శాతం తయారై ఉండాల, కనీసం 80 శాతం ప్యాకై ఉండాల. ఆ తర్వాత ఐఎస్ఓ 2859-1 (ఎంత సరుకులో ఎన్ని తీసి చూడాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) పట్టిక ప్రకారం శాంపిల్ తీస్తారు. మన లెక్కలోనే చూడండి. 900 బై 600 సైజు, 22 మిల్లీమీటర్ల బండ ఒక్కోటి 32 కిలోల దాకా తూగుతుంది. ఇరవై అడుగుల కంటైనర్లో 27 టన్నులు వేసినామనుకుంటే, అన్నీ అదే సైజైతే ఎనిమిది వందల పైచిలుకు బండలు. 501 నుంచి 1,200 మధ్య ఉండే లాటుకు మామూలు స్థాయిలో శాంపిల్ 80. పెద్ద లోపాలకు ఏక్యూఎల్ (లోపాలు ఎంత దాకా ఒప్పుకోవచ్చనే హద్దు) 2.5 పెట్టుకుని ఉంటే ఆ 80లో 5 దాకా పాస్, ఆరోది దొరికితే ఫెయిల్.

80 బండలంటే రెండున్నర టన్నుల రాయి. మేకులు కొట్టిన క్రేట్లు విప్పి, ఆయన వేలు పెట్టి చూపించినవి బయటికి తీసి, నేల మీద పరిచి, మళ్ళీ సర్దాల. అంటే ఆ రోజు హమాలీలు ఉండాల, ఎండ ఉండాల, స్థలం ఉండాల. తడి బండలో నలుపంతా ఒకే తీరుగా కనిపిస్తుంది, గీతలూ మచ్చలూ రంగు తేడాలూ ఆరినాకే బయటపడతాయి. తెలిసిన ఇన్‌స్పెక్టరు తడి బండను ముట్టుకోడు, ఆరేదాకా కూర్చుంటాడు, సాయంత్రం బండి టైముకు లేచిపోతాడు. డిసెంబరు పొద్దులో కడిగిన బండలు మధ్యాహ్నానికి గానీ ఆరవు. ఇంకోటి, క్రేట్లు రాకపోయినా "ప్యాక్ కాలేదు" అనే లెక్క. ఎక్స్‌పోర్టు క్రేటుకు కట్టె లోపలి దాకా 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేసిన ముద్ర ఉండాల. ముద్ర లేని కట్టెతో కొట్టించి చూపిస్తే అది కూడా రిపోర్టులో ఫొటోతో సహా ఎక్కుతుంది.

మా యూనిట్లోనే జరిగింది ఒకటి. సరుకు ముప్పాతిక వంతు అయింది, మిగతాది వాషింగ్‌లో ఉంది. వాయిదా వేయమని అడుగుదామంటే మా ఓనరు "రానీలేప్పా, వచ్చినాక చూసుకుందాం, మంచి భోజనం పెట్టిద్దాం" అన్నాడు. ఇన్‌స్పెక్టరు రాత్రి బండెక్కి తెల్లారి దిగినాడు. మర్యాదస్తుడు, భోజనం వద్దన్నాడు, తన డబ్బా తనే తెచ్చుకున్నాడు. క్రేట్లు లెక్క పెట్టి, తడి బండల ఫొటోలు తీసి, "సరుకు సిద్ధంగా లేదు, ఇన్‌స్పెక్షన్ జరగలేదు" అని రాసి, పదకొండుకల్లా వెళ్ళిపోయినాడు. ఆ రోజు ఫీజు పూర్తిగా పడింది, ప్రయాణం పడింది, రెండోసారి వచ్చినప్పుడు మళ్ళీ రెండూ పడ్డాయి. అంతటితో పోయి ఉంటే బాధ లేదు. ఆ బయ్యరు తర్వాతి ఆర్డర్లన్నిటికీ మధ్యలో ఒక ఇన్‌స్పెక్షన్ అదనంగా పెట్టి, దాని ఖర్చు మా మీద వేసినాడు. అదే మొదటే మెయిలు పెట్టి ఉంటే, మహా అంటే ఒక టికెట్టు రద్దు ఖర్చుతో పోయేది.

పక్క యూనిటొకటి ఇంకో దారి పట్టింది. ఇన్‌స్పెక్టరు గేటు దగ్గరికి వచ్చినాక వాచ్‌మన్ చేత "సారు ఊర్లో లేరు" అనిపించి ఫోన్లు ఆపేసినారు. ఆయన గేటు ఫొటో తీసి, లొకేషన్‌తో సహా బయ్యరుకు పంపినాడు. "లోపలికి రానివ్వలేదు" అనే మాట రిపోర్టులో ఒకసారి పడితే దానికి ఏ జవాబూ పనిచేయదు.

ఇక ఎలా మార్పించుకోవాలనేది. ఇన్‌స్పెక్టరు నంబరుకు ఫోన్ చేసి "రావద్దు సార్" అంటే రద్దు కాదు. బుక్ చేసింది ఎవరో వాళ్ళే మార్చాల, మీ కేసులో బయ్యరు. ఇన్‌స్పెక్టరుకు చేసే ఫోను ఆయన బండెక్కకుండా ఆపడానికి మాత్రమే, అదీ ఏజెన్సీ కోఆర్డినేటరుకు మెయిలు పోయినాకనే.

ఇక్కడే మన రాయలసీమ ఫ్యాక్టరీలన్నీ తట్టుకుని పడే చోటు ఉంది. చాలా ఏజెన్సీలు ముందు పనిదినం మధ్యాహ్నం లోపల చెప్పమంటాయి, కొన్ని రెండు పనిదినాలు అడుగుతాయి. మీ బుకింగ్ కాగితంలో ఏముందో చూడండి. బుధవారం మధ్యాహ్నం పన్నెండు గడువనుకుందాం. అప్పుడు లండన్‌లో వేసవైతే పొద్దున ఏడున్నర, చలికాలమైతే ఆరున్నర. మీ బయ్యరు ఇంకా కాఫీ కూడా తాగి ఉండడు. అంటే బుధవారం పొద్దున మీరు పెట్టే మెయిలు ఆయన చదివేలోపే గడువు దాటిపోతుంది. మంగళవారం మనకు మధ్యాహ్నం రెండు, మూడు గంటలప్పుడు ఆయన ఆఫీసు తెరుచుకుంటుంది. మెయిలు ముందే పెట్టి ఉంచి, అప్పుడు వాట్సాప్‌లో కదిలించండి. సోమవారం ఇన్‌స్పెక్షన్ ఉంటే ఈ లెక్క గురువారం నుంచే మొదలు, శని ఆదివారాలు పనిదినాల కింద రావు.

మెయిల్లో "రద్దు" అని రాయకండి, "వాయిదా" అని రాసి కొత్త తేదీ అదే మెయిల్లో ఇవ్వండి. తేదీ తర్వాత చెబుతామంటే చాలా చోట్ల దాన్ని రద్దు కిందే జమ కడతారు. ఎన్ని చదరపు మీటర్లు పూర్తయినాయి, ఎన్ని బ్రషింగ్‌లో ఉన్నాయి, ఎన్ని క్రేట్లు కొట్టినారు అనే అంకెలు, నాలుగు ఫొటోలు పెట్టండి. కరెంటు పోయింది, వాన వచ్చింది అని కథ రాసేకన్నా అంకెలకు బయ్యరు మెత్తబడతాడు. కొత్త తేదీ మాత్రం మీకు నచ్చింది కాకుండా మేస్త్రి ఒప్పుకున్నది ఇవ్వండి. రెండోసారి కూడా మార్చితే ఇక మీ మాటకు విలువ ఉండదు.

గురువారమే రావాల్సి వస్తే ఒక బేరం ఉంది. ఆ రోజును ఆఖరి ఇన్‌స్పెక్షన్‌గా కాకుండా తయారీ మధ్యలో చూసే ఇన్‌స్పెక్షన్‌గా మార్చమని అడగొచ్చు. మందం, రంగు, బ్రషింగ్ అప్పుడే తేలిపోతాయి, ప్రయాణం వృథా కాదు. కానీ ఆఖరిది మళ్ళీ ఉంటుంది, దాని ఖర్చూ ఉంటుంది. బయ్యరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. ఫోన్లో "ఓకే ఓకే" అంటే లెక్కలోకి రాదు.

ఇప్పుడు ప్రయాణం ఖర్చు. తప్పు మీ వైపుంటే కట్టాల్సిందే, కానీ నిజంగా అయినంత వరకే. చెన్నై నుంచి ఎర్రగుంట్లకు రేణిగుంట, కడప మీదుగా నేరుగా రైలుంది. ఆలస్యంగా తేదీ ఖాయం చేసినారంటే ఆయన తత్కాల్ తీసి ఉంటాడు. ఖాయమైన తత్కాల్ టికెట్టు రద్దు చేస్తే పైసా తిరిగి రాదు, కాబట్టి ఆ మొత్తం అడగడంలో తప్పు లేదు. మామూలు రిజర్వేషనైతే ముందుగా రద్దు చేసినప్పుడు చాలా భాగం వెనక్కొస్తుంది, అప్పుడు పోయినంతే ఇవ్వాల. టికెట్టు, రద్దు రసీదు రెండూ అడగండి. కారైతే ఇంకా జాగ్రత్త. బయటి ఊరి ట్రిప్పుకు ట్రావెల్స్ వాళ్ళు రోజుకు 250, 300 కిలోమీటర్లు కనీసం అని లెక్క వేసి, పైన డ్రైవరు బత్తా కలుపుతారు. బండి షెడ్డు నుంచి కదిలిందా లేదా అనేది ట్రిప్ షీటు, ఫాస్టాగ్ స్టేట్‌మెంటు చెబుతాయి. కదలని బండికి బాడుగ అడిగితే ఇవ్వొద్దు. ఒకే ట్రిప్పులో ఇంకో ఫ్యాక్టరీ కూడా చూసి వెళ్ళి ఉంటే ఖర్చు సగం చేయమనండి. మన వైపు యూనిట్లు తాడిపత్రి, ఎర్రగుంట్ల, బేతంచెర్ల అని గుంపులుగా ఉన్నాయి, ఇన్‌స్పెక్టర్లు రెండు మూడు కలిపే వస్తుంటారు.

పన్ను గురించి గొడవ పడకండి. రద్దు ఫీజు మీద కూడా అసలు సేవకున్న రేటే పడుతుందని సీబీఐసీ (జీఎస్టీ చూసే కేంద్ర బోర్డు) 2022 ఆగస్టు 3న ఇచ్చిన 178వ నంబరు సర్క్యులర్‌లో చెప్పింది. ఇన్‌స్పెక్షన్‌కు 18 శాతం. ఏజెన్సీ తన బిల్లులో ప్రయాణం కలిపితే దాని మీదా అంతే. ఉదాహరణకు ఫీజు 10,000, ప్రయాణం 4,000 అనుకుంటే పన్ను 2,520, మొత్తం 16,520. అడగాల్సింది వేరే ఉంది: ఆ బిల్లు మీ జీఎస్టీ నంబరు మీద ఇమ్మనండి. అప్పుడు ఆ 2,520 ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే మొత్తంగా) వస్తుంది. బయ్యరు తను కట్టి మీ ఇన్‌వాయిస్‌లో కోసుకుంటే క్రెడిట్ పోతుంది, పైగా షిప్పింగ్ బిల్లు విలువకూ వచ్చిన డబ్బుకూ తేడా బ్యాంకు ఈడీపీఎంఎస్‌లో (ఎక్స్‌పోర్టు డబ్బు వచ్చిందా లేదా అని చూసే రిజర్వు బ్యాంకు ఆన్‌లైన్ వ్యవస్థలో) కనిపిస్తుంది, కాగితాలు పట్టుకుని తిరగాల. మా అకౌంటెంటుకు ఇదంటే ఒళ్ళుమంట.

ఇన్‌స్పెక్టరు చేతికి మాత్రం డబ్బు ఇవ్వకండి, "పెట్రోలుకు సార్" అని కూడా. చాలా ఏజెన్సీలు పని మొదలు కాకముందే లంచం ఇవ్వము, అడిగితే చెబుతాము అని ఫ్యాక్టరీ చేత సంతకం పెట్టించుకుంటాయి. ప్రేమతో ఇచ్చిన ఐదు వందలు కూడా అక్కడ లంచమే. స్టేషన్ నుంచి ఫ్యాక్టరీకి మీ బండి పంపడం కూడా వాళ్ళ నియమం ఒప్పుతుందో లేదో ముందే మెయిల్లో అడగండి.

మీరు కట్టనవసరం లేని సందర్భాలూ ఉన్నాయి. ఇన్‌స్పెక్టరుకు బాగాలేకపోయినా, ఏజెన్సీ మనిషిని మార్చినా, బయ్యరు ఒప్పుకున్న శాంపిల్ బండ ఇంకా మీకు చేరకపోయినా మీ మీద వేయడానికి లేదు. ప్రకృతి సంగతి సరే సరి. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి నందలూరు, రాజంపేట మధ్య పట్టాలు కొట్టుకుపోయినప్పుడు చెన్నై నుంచి ఎవరూ రాలేకపోయినారు. అప్పుడు మమ్మల్ని ఎవరూ పైసా అడగలేదు, మేమూ అడగలేదు.

వచ్చే పీఓలో (బయ్యరు ఇచ్చే కొనుగోలు ఆర్డరులో) ఈ మాటలు రాయించుకోండి: మొదటి ఇన్‌స్పెక్షన్ ఖర్చు బయ్యరుది, ఫెయిలైతే రెండోది మనది. ఎన్ని పనిదినాల ముందు చెబితే వాయిదా ఉచితం. ప్రయాణం అసలు బిల్లుల ప్రకారమే, పైపరిమితి ఇంత. రద్దు ఎవరి వల్లనో వాళ్ళే భరించాల, ఏజెన్సీ, బయ్యరుతో సహా. ఈ చివరి ముక్క చాలా పీఓల్లో ఉండదు, అన్నీ ఫ్యాక్టరీ మీదికే తిరిగి ఉంటాయి. అడిగితే పెద్ద బయ్యర్లు కూడా ఒప్పుకుంటారు, అడిగేవాళ్ళే తక్కువ.

కొత్త తేదీ ఇచ్చే ముందు క్యాలెండరు కూడా చూసుకోండి. పీర్ల పండుగ ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుగా వస్తుంది. ఆ వారం మా హమాలీల్లో సగం మంది గూగూడు కుళ్ళాయస్వామి దగ్గరే ఉంటారు. రెండున్నర టన్నులు దించి ఎత్తేదెవరు? ఉగాది రోజులూ అంతే.

మీ పీఓలో వాయిదా గురించి ఏ వాక్యముందో పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతా. బయ్యరుకు మెయిలు మాత్రం దాని కోసం ఆగకుండా పంపేయండి.