పొగను పైకి ఇచ్చిన నాన్నగారు

సందేహం: మా అబ్బాయి తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. బళ్ళో కొన్ని ఇంగ్లీషు వాక్యాలిచ్చి తెలుగులో రాయమన్నారు. ‘మై ఫాదర్ గేవ్ అప్ స్మోకింగ్’ అన్నదానికి ‘మా నాన్న పొగను పైకి ఇచ్చారు’ అని రాశాడు. ‘షి లుక్స్ ఆఫ్టర్ హర్ గ్రాండ్‌మదర్’ని ‘ఆమె నానమ్మ తర్వాత చూస్తుంది’ అన్నాడు. తప్పని తెలుసు, ఎందుకు తప్పో చెప్పబోతే నాకే మాట రాలేదు. తెలుగులో ఇలాంటి క్రియలు అసలు లేవా? ఇంకో మాట, ఇంట్లో మేం ‘స్విచాఫ్ చెయ్యి’, ‘పికప్ చేసుకో’ అంటుంటే మా మావగారు అది తెలుగే కాదంటారు. నిజమేనా? (ఒక తల్లి, తణుకు)

సమాధానం: చదివి నవ్వుకున్నానమ్మా. పొగ పైకే పోతుంది కదా, వాక్యం బాగానే కుదిరిందని మీవాడు అనుకొని ఉంటాడు. వాణ్ణి తిట్టకండి. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువు ముందుమాటలోనే ఈ రకం క్రియల సంగతి ఎత్తి, పరాయివాళ్ళు ఎక్కువ ఇబ్బంది పడేది ఇక్కడేనని రాశాడు. వీటికి, అంటే పక్కన ‘అప్’, ‘ఆఫ్టర్’లాంటి చిన్న మాట చేరి అర్థమే మారిపోయే క్రియలకి, ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది మాత్రం 1925లో, అంటే జాన్సన్ గోడు వెళ్ళబోసుకున్న నూట డెబ్బై ఏళ్ళకి.

చిక్కంతా ‘అప్’ అంటే ‘పైకి’ అని ఒకే అర్థం నేర్పడంలో ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని చాలాచోట్ల పైకీ కిందికీ సంబంధం లేకుండా ‘పని పూర్తయింది, ఇంకేం మిగల్లేదు’ అని చెప్పడానికి వాడతారు. ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’, ‘డ్రై అప్’ తీసుకోండి. వీటిని మనం తినేయి, వాడేయి, ఎండిపో అంటాం. చూశారా, వాళ్ళ ‘అప్’ చేసే పనిని మన దగ్గర ‘ఏయి’, ‘పో’ చేస్తున్నాయి. ఏయి అంటే వేయు అన్న క్రియే, తినివేసెను అన్నది వాడుకలో నలిగి నలిగి తినేశాడు అయింది. అందులో ఇప్పుడు వేయడమూ లేదు, ఎండిపోయిన బట్టలు ఎక్కడికీ పోవడమూ లేదు. ‘అన్నం తిన్నావా?’ అంటే పలకరింపు, ‘అన్నం తినేశావా?’ అంటే నేను వచ్చేదాకా ఆగలేకపోయావా అని చిన్న నిలదీత. మీవాడి వాక్యంలో నాన్నగారి సిగరెట్ల సంగతీ అంతే, ‘మా నాన్న సిగరెట్లు మానేశారు’. ‘మానారు’ అన్నా అర్థమవుతుంది, కానీ ఆ ‘ఏ’ లేకపోతే రేపు మళ్ళీ మొదలుపెడతారేమో అనిపిస్తుంది.

ఇక ‘చూడు’ దగ్గరికి రండి, ఇక్కడ మనవాళ్ళు ఇంగ్లీషువాళ్ళకేమీ తీసిపోరు. ‘లుక్ ఆఫ్టర్’ అంటే చూసుకో. ‘ఆమె నానమ్మని చూసుకుంటుంది’, అంతే, ‘కొను’ చేరగానే చూపు కాస్తా బాధ్యత అయింది. ఆ ‘కొను’ని తీసేసి ‘నానమ్మని చూస్తుంది’ అంటే ఏముంది, గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోవచ్చు. ‘లుక్ ఫార్వర్డ్’ అయితే ఎదురుచూడు, ‘లుక్ డౌన్ ఆన్’ అయితే చిన్నచూపు చూడు. ‘మా అమ్మాయికో సంబంధం చూసిపెట్టండి’ అంటాం, ‘ఒకసారి అడిగి చూడు’ అంటాం, రెండో వాక్యంలో కళ్ళతో పనే లేదు, ప్రయత్నించమని అర్థం. ‘లుక్ ఫర్’కి మాత్రం మనకి వేరే మాట ఉంది, వెతుకు. ‘లుక్ ఇన్‌టు’ అంటే ఆరా తీయి. కాబట్టి ‘లుక్’ కనబడిన ప్రతిచోటా ‘చూడు’ని పిలవాల్సిన పని లేదని మీవాడికి చెప్పండి.

తెలుగులో ఇలాంటివి లేవా అన్నారు. అమ్మా, కుప్పలుగా ఉన్నాయి, ఇంట్లో మాట్లాడే మాటలు కాబట్టి మన కంటికి ఆనవు. పైన జాన్సన్ అన్నాను కదా, ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ‘ఫాల్ ఆన్’ ఒకటి, దాడి చేయడమని అర్థం. మనం ‘దొంగలు మీదపడ్డారు’ అంటాం! అచ్చంగా అవే రెండు ముక్కలు, పడటం, మీద. తేడా ఒక్కటే, వాళ్ళు ఎక్కడ అన్న ముక్కని క్రియకి వెనక తగిలిస్తారు, మనం ముందు పెడతాం. బయటపడు చూడండి, ‘ప్రమాదం నుంచి బయటపడ్డాడు’ అంటే గట్టెక్కాడని, ‘అసలు సంగతి బయటపడింది’ అంటే దాచింది తెలిసిపోయిందని. ‘చదువుకుని పైకొచ్చాడు’ అన్నదాంట్లో మేడమెట్లు లేవు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది వెనకేయడం. ‘నాలుగు రాళ్ళు వెనకేసుకున్నాడు’ అంటే డబ్బు కూడబెట్టాడు, ‘ఎంతసేపూ కొడుకునే వెనకేసుకొస్తుంది’ అంటే వాడు చేసిన వెధవపనులన్నీ సమర్థిస్తుంది. ఒక్క ‘వచ్చు’ చేరితే రాళ్ళు వేరు, కొడుకు వేరు అయిపోయారు. దీన్ని ముక్కముక్కగా ఇంగ్లీషులోకి మార్చమని మీవాడికే ఇవ్వండి, వాడు రాసేది చూసి ఈసారి వాడే నవ్వుతాడు.

ఇంకో తిరకాసు ఉంది, దీన్ని బళ్ళో ఎవరూ చెప్పరు. ఒక్కోసారి క్రియ మార్చితే చాలదు, కర్తనే మార్చాలి. ‘వి రాన్ అవుట్ ఆఫ్ గ్యాస్’ ఉందనుకోండి, ముక్కలు విడగొడితే ఏదో సిలిండరు పేలినట్టు ‘మేం గ్యాస్‌లోంచి బయటికి పరుగెత్తాం’ అని వస్తుంది. మన వంటింట్లో ఆ వాక్యంలో మేం అన్నదే ఉండదు, ‘గ్యాస్ అయిపోయింది’, అంతే. ‘టర్న్ డౌన్’లాంటివైతే వాక్యం మొత్తం చూస్తే గానీ తేలవు, టీవీ అయితే సౌండు తగ్గించడం, పెళ్ళి సంబంధమైతే వద్దనడం. అందుకే వీటిని ఎక్కాల్లా బట్టీ పెట్టించొద్దు, ఒక్కోదాన్నీ ఒక్కో వాక్యంతో పాటే నేర్పండి.

మీ మావగారి మాటకి వస్తాను. ఆయన్ని తీసిపారేయను, కానీ ఒప్పుకోను కూడా. ‘స్విచాఫ్ చెయ్యి’లో ముడిసరుకు ఇంగ్లీషు, దాన్ని నడిపించేది తెలుగు. మనం పరాయి క్రియని తెచ్చుకుంటే దాన్ని నామవాచకంలా బిగించేసి పక్కన ‘చేయి’నో ‘అవు’నో నిలబెడతాం, కాలం, పురుష, మర్యాద అన్నీ ఆ తెలుగు క్రియే మోస్తుంది. ‘లాగిన్ అయ్యాను’ అంటాం గానీ ‘లాగ్డ్ ఇన్’ అనం. ఇదేమీ మొన్న సెల్‌ఫోన్లతో పుట్టిన పద్ధతి కూడా కాదు. తెలంగాణలో ‘బంద్ చెయ్యి’ ఎప్పటినుంచో ఉంది, లైటుకీ, తలుపుకీ, అవసరమైతే నోటికీ, అదీ ఈ అచ్చులో పోసిందే, సరుకు ఉర్దూ దగ్గరిది.

పైగా మన క్రియలు చేరాక ఇంగ్లీషులో లేని నిగ్గు వస్తుంది. రాత్రి పదింటిదాకా ఫోను కలవలేదని మీరు నిలదీస్తే మీవాడు ఏమంటాడు? ‘స్విచాఫ్ అయిందమ్మా, నేను చెయ్యలేదు.’ అక్కడ కేసంతా ‘చేయి’కీ ‘అవు’కీ మధ్యే నడుస్తోంది. ‘చెకప్ చేయించుకో’లో చేసేది డాక్టరు, చేయించేది మీరు, మేలు మీకు, ఈ మూడూ ఒక్క మాటలో ఉన్నాయి. ‘స్టేషన్ దగ్గర నన్ను పికప్ చేసుకో’ కూడా అంతే, ఆ ‘కో’ మనదే.

అయితే చేతిలో మంచి మాట ఉండగా అరువెందుకన్నది ఆయన కోపమైతే నేనూ ఆయన పక్షమే. లైటుకి ‘ఆర్పెయ్యి’ ఉంది. ‘కనుక్కుని చెప్తా’ అంటే పోయేదానికి ‘ఫైండౌట్ చేసి చెప్తా’ ఎందుకో నాకు అర్థం కాదు. అసలు నాకు వీటికంటే ఒళ్ళు మండేది పత్రికల్లో ‘ప్రమాదం చోటు చేసుకుంది’ అన్న వాక్యం. ఒక్క ఇంగ్లీషు అక్షరం లేదు గానీ అది ‘టేక్ ప్లేస్’కి తెలుగు చొక్కా తొడగడమే. ప్రమాదం జరుగుతుందమ్మా, సీటు పట్టుకుని కూర్చోదు. మీవాడి ‘పైకి ఇచ్చారు’కీ దీనికీ తేడా ఏమిటంటే, వాడికి ఎర్ర ఇంకుతో దిద్దేవాళ్ళు ఉన్నారు.

మావగారు మళ్ళీ వాదనకి దిగితే, ఫోను మాట్లాడటం అయ్యాక ఏం చేస్తారని అడగండి. ‘పెట్టేస్తాను’ అంటారు. ఇంగ్లీషువాళ్ళు గోడఫోను రోజుల్లో రిసీవర్ని కొక్కేనికి తగిలించేవాళ్ళు గనక ‘హ్యాంగ్ అప్’ అన్నారు, మనం బల్లమీది ఫోను మీద దాన్ని పెట్టేసేవాళ్ళం గనక ‘పెట్టేశాడు’ అన్నాం. ఇప్పుడు కొక్కెమూ లేదు, బల్లా లేదు, అయినా మాట ముగించి జేబులో వేసుకున్నా పెట్టేసినట్టే లెక్క. మీ అబ్బాయి మాత్రం ‘కట్ చేశాడు’ అంటాడు చూడండి, అవతలివాడు మాట పూర్తి కానివ్వకపోతే.