యూజబిలిటీ పరీక్షకు ఏ పద్ధతి మేలు?

మీ బృందం చిన్నది, డబ్బు తక్కువ. సాఫ్ట్‌వేర్ వాడడానికి ఎంత వీలుగా ఉందో (అదే యూజబిలిటీ) తెలుసుకోవడానికి నిపుణులకు చూపించాలా, వాడేవారిని గమనించాలా, ప్రశ్నావళి ఇచ్చి ఊరుకోవాలా అని అడిగారు. మందుల దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఈ మూడూ చేశాం కాబట్టి చెబుతున్నాను: ఒక్కదానికే స్తోమత ఉంటే వాడేవారిని గమనించండి.

నిపుణుల పరిశీలన చవకే. యూజబిలిటీ నిపుణులు జేకబ్ నీల్సన్, రోల్ఫ్ మోలిక్ 1990లో ప్రతిపాదించిన పద్ధతి అది. నలుగురైదుగురు విడివిడిగా తెరలన్నీ చూసి, దొరికిన లోపాలను తర్వాత ఒకచోట చేరుస్తారు. మాకు దొరికినవి: చదవడానికి రాని లేత బూడిద రంగు అక్షరాలు, ఒకే పనికి రెండు తెరల్లో రెండు పేర్లు, పొరపాటున తీసేసిన వరుసను వెనక్కి తెచ్చుకునే దారి లేకపోవడం. అన్నీ నిజమైనవే, సరిచేశాం.

అసలు సంగతి కౌంటరు పక్కన నిలబడితే తెలిసింది. ఒకాయన వచ్చి నాలుగు మాత్రలు అడిగారు. మా సాఫ్ట్‌వేర్‌కు స్ట్రిప్పు లెక్క తప్ప విడి మాత్రల లెక్క తెలియదు. దుకాణదారు తడుముకోకుండా పది మాత్రల స్ట్రిప్పు ఒకటి అని కొట్టి, పక్కనున్న క్యాలిక్యులేటర్‌లో ఆరు మాత్రల ధర లెక్కగట్టి, దాన్ని డిస్కౌంటు గడిలో వేసేశారు. బిల్లు సరిపోయింది. మిగిలిన ఆరు మాత్రలు సొరుగులోనే ఉన్నా స్టాకులో మాత్రం లేవు! తర్వాత అడిగితే, ‘ఇబ్బందేమీ లేదండీ, బాగానే ఉంది’ అన్నారు. ఆయన దృష్టిలో అది సమస్యే కాదు మరి. కౌంటరులో మందులు అమ్మి ఎరగని నిపుణులకు ఇది తట్టకపోవడంలో వింతేమీ లేదు.

గమనించేటప్పుడు, మనసులో అనుకునేది పైకి చెబుతూ పని చేయమంటే మనవాళ్లు బిగుసుకుపోతారు. దానికి బదులు, కొత్తగా చేరిన కుర్రాడికి పని నేర్పమని యజమానిని అడగండి. మాటలు వాటంతటవే వస్తాయి.

వాడేవారిలో అయిదుగురిని గమనిస్తే 85 శాతం సమస్యలు బయటపడతాయనే మాట తరచు వింటాం. ఒక్కొక్కరి దగ్గర సగటున 31 శాతం బయటపడతాయనే అంచనా మీద నిలిచిన లెక్క అది. అమ్మేవారు, లెక్కలు చూసేవారు వేరువేరయితే ఆ అయిదుగురు చాలరు. పైగా మోలిక్ ఒకే వెబ్‌సైటును వేర్వేరు బృందాలకు ఇచ్చి చూసినప్పుడు, ఎక్కువ సమస్యలు ఒక్కో బృందం నివేదికకే పరిమితమయ్యాయి.

ఇక ప్రశ్నావళి. జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన సిస్టమ్ యూజబిలిటీ స్కేల్‌లో పది వాక్యాలుంటాయి. ఒక్కో వాక్యంతో ఎంతవరకు ఏకీభవిస్తారో 1 నుంచి 5 వరకు ఒక అంకె చుట్టాలి, మొత్తం 100కు లెక్కగడతారు. బేసి సంఖ్యవి మెచ్చుకోలు, సరి సంఖ్యవి ఫిర్యాదు. మొహమాటపడి అన్నింటికీ 5 చుట్టేస్తే వచ్చేది 100 కాదు, 50. అలాంటి కాగితాలు మాకూ వచ్చాయి. అందుకే వాక్యాలు చదివి వినిపించి నింపించండి. పాత వెర్షన్‌తో కొత్తదాన్ని పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది, ఏది సరిచేయాలో మాత్రం చెప్పదు.

నేనైతే పైపై లోపాలను ముందు మీ బృందంలోనే ఏరించి, ఆ తర్వాత దుకాణాలకు వెళ్తాను. రద్దీ వేళ రావద్దంటారు, బతిమాలుకొనైనా అప్పుడే వెళ్లండి. చీటీల మీద రోగుల పేర్లుంటాయి కాబట్టి వీడియో తీయకుండా కాగితం మీద రాసుకోండి.