పాత కారు డోర్ లాకులు గట్టిగా చేయించుకోవడం ఎలా? రిమోట్ సెంట్రల్ లాకింగ్ పెట్టిస్తే సరిపోతుందా?

మీ బండి 2006 శాంట్రో, విజయవాడ పటమటలో ఇంటి ముందు రోడ్డు మీద పెడతారు, రాత్రి ఎవడో డోర్ తెరిచి స్టీరియో, డాష్‌బోర్డు అరలో ఉన్న కాయితాలు పట్టుకుపోయాడు, అద్దం పగల్లేదు, లాక్ మీద గీత కూడా పడలేదు, ఇప్పుడు సెంట్రల్ లాకింగ్ పెట్టించాలా అలారం పెట్టించాలా అని కదా మీరు అడిగింది. రెండూ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ లాక్ సిలిండర్లు, అంటే కీ దూర్చి తిప్పే ముక్కలు, మార్పించండి. గీత పడకుండా తెరుచుకుందంటే వచ్చినవాడు పెద్ద పనోడేం కాదు, మీ లాకే అరిగిపోయి ఉంటుంది. వాడి దగ్గర ఏదో ఒక పాత కీ ఉంటుంది, పెట్టి నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించి ఉంటాడు, అంతే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే నాది 2004 మారుతి 800, తెల్లది, ఏపీ 16 నంబరు. ఇంకా ఎందుకయ్యా ఆ డొక్కు అని మా తోడల్లుడు పండక్కొచ్చినప్పుడల్లా అంటాడు, ఆయన బండి సత్యనారాయణపురం సందుల్లోకి రాదు, ఎక్కడో మెయిన్ రోడ్డు మీద పెట్టి నడుచుకుంటూ వస్తాడు, అయినా మాట మాత్రం మానడు. ఒకటి మాత్రం నిజం, పాత బండి ఉంచుకోవడం ప్రభుత్వానికి కూడా ఇష్టం లేదు, 15 ఏళ్ళు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 ఉండేది, 2022 ఏప్రిల్ నుంచి 5000 చేశారు, 20 ఏళ్ళు దాటినవాటికి 2025లో 10000 చేశారు, గ్రీన్ టాక్స్ వేరే. సరే, అది వదిలేద్దాం.

గుంటూరులో మా పిన్నిగారి మనవరాలి పెళ్ళి, ఇన్నర్ రింగ్ రోడ్డు వైపు ఒక కల్యాణ మండపం. మాఘమాసం, ముహూర్తాలు మంచివేమో ఎటు చూసినా పెళ్ళిళ్ళే, పార్కింగులో బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఇరికించేశారు. భోజనం చేసి తాంబూలం సంచి పట్టుకుని బండి దగ్గరికి వస్తే డ్రైవర్ సీట్లో ఒక పెద్దాయన కూర్చునున్నాడు. తెల్ల పంచె, కండువా, పక్క సీట్లో వాళ్ళావిడ, ఒళ్ళో రెండు తాంబూలం సంచులు. ఆయన సీటు కింద చెయ్యి పెట్టి లివర్ వెతుక్కుంటున్నాడు, ఎవడో సీటు ముందుకి జరిపేశాడు ఎదవ అని తిట్టుకుంటూ. నన్ను చూసి అద్దం దించాడు.

"ఏందబ్బాయ్, బండి అడ్డమొచ్చిందా? ఉండు తీస్తన్నా, తాళం సగం తిరిగి ఆగిపోతంది."

"బాబాయ్ గారూ, ఇది నా బండండి."

"నీ బండేంది? నా తాళంతో తలుపు తెరుచుకుందిగా!"

నాకు ఏం మాట్లాడాలో అర్థం కాలేదు. తాళం ఆయన చేతిలో ఉంది, సీట్లో ఆయనున్నాడు, చూసేవాళ్ళకి నేనే దొంగలా ఉన్నా. అప్పుడు వాళ్ళావిడ డాష్‌బోర్డు వంక చూసి, "ఏమయ్యా, మన బండిలో వెంకటేశ్వరస్వామి గదా ఉండేది, ఈడ అమ్మవారుందేంది?" అంది. మా బండిలో కనకదుర్గమ్మ బొమ్మ ఉంటుంది. ఆయన అమ్మవారి వంక చూశాడు, సీటు కవర్ల వంక చూశాడు, చేతిలో తాళం చూసుకున్నాడు, నా వంక చూశాడు. "అయితే మరి నా బండేదీ?" అన్నాడు. ఆయన బండి ఒక ఇన్నోవా వెనకాల ఉంది, అదీ తెల్ల 800. దిగి కండువా సర్దుకుంటూ "భోజనం చేశావా అబ్బాయ్" అని అడిగాడు, ఏదో ఒకటి అనాలి కదా.

అసలు విషయం ఆ తర్వాత. సరదాకి నా కీ తీసుకెళ్ళి ఆయన బండికి పెట్టి చూశా, తిరగలేదు. ఎంత ఆడించినా తిరగలేదు. "నాది తిరగదులే, లాకులు అరిగిపోతే మొన్నీమధ్యే కొత్తయి ఏయిచ్చా" అన్నాడు. అంటే కొత్త లాకుకి నా కీ పనికిరాలేదు, నా అరిగిన లాక్ మాత్రం ఆయన కొత్త కీకి కూడా తెరుచుకుంది. ఇగ్నిషన్లో కూడా సగం తిరిగింది చూశారా, ఇంకొంచెం గట్టిగా తిప్పితే దంపతులిద్దరూ నా బండిలో ఏ సత్తెనపల్లో వెళ్ళిపోయేవాళ్ళు.

తర్వాత ఆటోనగర్ తీసుకెళ్ళా. అక్కడ కీ పని చేసే పెద్దాయన డోర్ ప్యాడ్, అదే డోర్ లోపలి వైపు ఉండే అట్ట, ఊడదీసి సిలిండర్ బయటికి తీసి, గుడ్డ మీద పెట్టి విప్పాడు. లోపల సన్నటి ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి, ఒక్కోదాని వెనక వెంట్రుకంత స్ప్రింగు. సరైన కీ పెడితే దాని గాట్ల ఎత్తుకి తగ్గట్టు రేకులన్నీ జరిగి సమానంగా నిలబడతాయి, అప్పుడే సిలిండర్ తిరుగుతుంది. నా దాంట్లో రేకుల అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి, ఒకదాని స్ప్రింగు లేనే లేదు, అన్నిటికీ కలిపి పసుపు రంగు ముద్ద ఒకటి పట్టుకుంది. "ఏంటి సార్ ఇది, తాళానికి బొట్టు పెట్టారా" అన్నాడు. పెట్టాం మరి, దసరాకి ఆయుధపూజ చేసినప్పుడల్లా మా ఇంట్లో బానెట్‌కీ స్టీరింగుకీ తాళం చిల్లుకీ కూడా పసుపు, కుంకుమ, గంధం. దాని మీద ప్రతి ఎండాకాలం తాళం పట్టేస్తోందని కొబ్బరి నూనె. నూనె, పసుపు, మన రోడ్ల దుమ్ము కలిసి బంక అయింది, అందులో ఇరుక్కున్న రేకులు కిందకి రావు, అలా ఇరుక్కుంటే ఏ కీ పెట్టినా తిరుగుతుంది.

కాబట్టి పూజ చేసేటప్పుడు బొట్టు హ్యాండిల్ మీద పెట్టండి, చిల్లు మీద వద్దు, అమ్మవారేం అనుకోదు. నూనె అసలు పొయ్యొద్దు, గ్రాఫైట్ పౌడర్ దొరుకుతుంది అది కొట్టండి, అది కూడా లేకపోతే పెన్సిల్ ములుకు అరగదీసిన పొడి చాలు.

మీ లాక్ అరిగిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. కీ పెట్టి తిప్పి, తిప్పినచోటే పట్టుకుని బయటికి లాగండి. బాగున్న లాక్ వదలదు, తిప్పి ఉన్నప్పుడు కీ బయటికి వచ్చేసిందంటే రేకులు పోయినట్టే. డోర్లు, డిక్కీ, ఇగ్నిషన్ అన్నీ చూడండి, డ్రైవర్ డోర్ అన్నిటికంటే ముందు పోతుంది, రోజూ వాడేది అదే కదా. ఇంకో మాట, అరిగిన కీకి డూప్లికేట్ కొట్టిస్తే ఆ అరుగుదల కూడా డూప్లికేట్ అవుతుంది. కొత్త బండి కొన్నప్పుడు కీలతో పాటు చిన్న రేకు ముక్క మీద నంబరు ఇచ్చి ఉంటే ఆ నంబరు ప్రకారం కొట్టించుకోవాలి. ఆ రేకు మీ దగ్గర ఉండదని నాకు తెలుసు, ఎవరి దగ్గరా ఉండదు.

ఇప్పుడు సెంట్రల్ లాకింగ్ సంగతి. షాపువాళ్ళు చెప్పని విషయం ఇది. బయట పెట్టించే కిట్‌లో ప్రతి డోర్‌కీ ఒక చిన్న మోటారు ఉంటుంది, అది లాగేది డోర్ లోపల తాళాన్ని గడియకి కలిపే ఆ పాత రాడ్డునే. అంటే లాక్ ఏమీ మారలేదు, తిప్పే పని మీ చెయ్యికి బదులు మోటారు చేస్తోంది. పైగా డ్రైవర్ డోర్లో పెట్టే మోటారు మాస్టర్, దాని రాడ్డుని ఎవడైనా లేపాడంటే మిగతా మూడు డోర్లూ టక్కున తెరుచుకుంటాయి. ఇంతకుముందు దొంగోడు వెనక సీట్లో బ్యాగు కావాలంటే చెయ్యి చాపి వెనక డోర్ తీసుకోవాల్సొచ్చేది, ఇప్పుడు ఆ కష్టం కూడా ఉండదు. సుఖానికి పెట్టించుకోండి, వానలో నాలుగు డోర్లు చూసుకునే పని తప్పుతుంది, దొంగల కోసమని మాత్రం డబ్బులు పెట్టొద్దు.

ఆ రాడ్డుని లేపడం ఎలాగో పాత బండి మెకానిక్కులందరికీ తెలుసు, లోపల తాళం మర్చిపోయినప్పుడు స్టీలు స్కేలు తెప్పించి తీసేది ఆ పద్ధతిలోనే కదా. అద్దానికీ డోర్‌కీ మధ్య ఉండే రబ్బరు బీడింగ్ మెత్తగా బిగుతుగా ఉంటే స్కేలు దూర్చడం కొంచెం కష్టం, మన బెజవాడ ఎండకి అది వేయించిన అప్పడంలా తయారవుతుంది, పట్టుకుంటే విరుగుతుంది. లాకులు మార్పించే రోజే బీడింగులు కూడా వేయించండి, పెద్ద ఖర్చు కాదు, వాన నీళ్ళు కూడా లోపలికి దిగవు. డోర్ ప్యాడ్ ఎలాగూ తీస్తారు కాబట్టి సిలిండర్ వెనకా రాడ్డుకి పైనా అడ్డంగా ఒక సన్నటి ఇనప రేకు పెట్టి బిగించమని టింకరింగ్ అతన్ని అడగండి. నేను పెట్టించా. అద్దం దిగేటప్పుడు తగలకుండా చూసుకోవాలి, అక్కడే ఉంది పనితనం అంతా. ఎడమ వైపు డోర్ బయటి తాళం చిల్లు నేను అసలు మూయించేశా, ఆ వైపు లోపల నుంచి లాక్ చేస్తే చాలు, దుమ్మూ పసుపూ వెళ్ళడానికి ఒక చిల్లు తగ్గింది.

అలారం గురించి నన్ను అడక్కండి. మా సందులో ఒకాయన పెట్టించాడు, లారీ వెళ్తే కుయ్యిమంటుంది, కుక్క టైరు మీద కాలెత్తితే కుయ్యిమంటుంది, దీపావళి రోజు సంగతి చెప్పక్కర్లేదు. మొదట్లో అందరం బాల్కనీలోకి వచ్చేవాళ్ళం, ఇప్పుడు నిజంగా దొంగ పడినా దుప్పటి ముసుగేసుకుని ఆయన్ని తిట్టుకుంటాం అంతే.

డోర్ ఎంత గట్టిదైనా పక్కనే అద్దం ఉంది, కొట్టాలనుకున్నవాడు కొడతాడు. అందుకని లోపల ఏమీ కనపడకుండా ఉంచడం ఒకటి, బండి కదలకుండా చేయడం ఒకటి, ఈ రెండే నేను నమ్మేవి. కనపడకూడదు కదా అని నల్ల ఫిల్ము వేయించకండి, సుప్రీం కోర్టు 2012లోనే వాటిని తీసెయ్యమంది, మనం వేస్తే ఫైను, పార్టీ జెండా ఉన్న బండికి వేస్తే సెల్యూట్, అది వేరే గోల. ఘాట్‌ల దగ్గర బాగా గమనించండి, స్నానానికి దిగేవాళ్ళు పర్సులు, ఫోన్లు, గొలుసులు అన్నీ బండిలో సీటు కింద పెట్టి తాళం వేసి పోతారు, 2016 పుష్కరాలప్పుడు బళ్ళు ఎక్కడో దూరంగా పెట్టించారు కదా, అప్పుడు కూడా మనోళ్ళది ఇదే పని. గట్టు మీద కూర్చున్నవాడికి ఎవరు ఏ సీటు కింద పెట్టారో అంతా కనపడుతుంది.

బండి కదలకుండా ఉండాలంటే గేర్ లాక్ ఒకటి, ఎవరికీ కనపడకుండా దాచిపెట్టే దొంగ స్విచ్ ఒకటి. నాది ఎంపీఎఫ్ఐ ఇంజను, అంటే కార్బొరేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ కొట్టేది, పెట్రోల్ పంపుకి వెళ్ళే కరెంటు లైన్లో రిలే (కరెంటు ఆపే చిన్న డబ్బా) పెట్టి స్విచ్ దాచాడు మా ఎలక్ట్రీషియన్. స్టార్ట్ అవుతుంది, కొంచెం సేపటికే గుటకలు మింగి ఆగిపోతుంది, దొంగోడు పాత బండి కదా ట్రబుల్ అనుకుని వదిలేసి పోవాలి. పాత కార్బొరేటర్ బండైతే ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్ వైరుకి పెడతారు. స్విచ్ స్టీరింగ్ కింద మాత్రం వద్దు, అందరూ అక్కడే పెడతారు, వాడు మొదట చెయ్యి పెట్టేది అక్కడే. నాది ఎక్కడుందో మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు, మా తోడల్లుడికి కూడా.

ఇంకోటి, ఫంక్షన్ హాళ్ళలో వాలే పార్కింగ్ అని ఒక కుర్రాడు చెయ్యి చాపుతాడు, మనం దర్జాగా కీ ఇచ్చేస్తాం, దానికి ఇంటి తాళాలు కూడా గుత్తిగా వేలాడుతుంటాయి. సబ్బు బిళ్ళ మీద అచ్చు తీసుకోవడానికి ఎంతసేపు? నేను ఇవ్వను, నేనే పెట్టుకుంటా అంటాను, వాడు నా బండి చూసి అసలు అడగడు కూడా.

ఇన్సూరెన్స్ ఉందిలే అనుకోకండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే దొంగతనానికి పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా లోపల పోయిన బ్యాగులూ ఫోన్లూ మామూలు పాలసీలోకి రావు, బండే పోతే ఎఫ్ఐఆర్, బండి దొరకలేదని పోలీసులిచ్చే నాన్ ట్రేసబుల్ సర్టిఫికెట్, రెండు కీలూ అడుగుతారు. లాకులు మార్పిస్తే ఆ బిల్లు దాచండి, కొత్త కీలు ఎందుకున్నాయని అడిగినప్పుడు చూపించాలి. ఆర్సీ ఒరిజినల్ బండిలో పెట్టక్కర్లేదు, డిజీలాకర్లో చూపిస్తే చెల్లుతుంది, ఎవరైనా కానిస్టేబుల్ కాదంటే ఓపిగ్గా చెప్పండి.

మీ శాంట్రోకి డోర్లు, డిక్కీ, ఇగ్నిషన్ అన్నీ ఒకే కీతో వచ్చే సెట్ అడగండి, విడివిడిగా కొంటే జేబులో నాలుగు కీలు మోయాల్సొస్తుంది. అట్టపెట్టె మాత్రమే కంపెనీది అయి లోపల తేలికగా డబ్బా రేకులా ఉండే లోకల్ మాలు కూడా ఆటోనగర్లో దొరుకుతుంది, చేత్తో పట్టుకుని బరువు చూడండి. దగ్గరుండి వేయించుకోండి, డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీట్ ఉంటుంది, కుర్రాళ్ళు అది చింపేసి పక్కన పడేస్తారు, తిరిగి అంటించమనండి, లేకపోతే వానాకాలం కాళ్ళ దగ్గర నీళ్ళు. ఆదివారం మాత్రం వెళ్ళకండి, సగం షాపులు మూసుంటాయి.