ఈఆర్‌పీ కొనే ముందు అతుకులు లెక్కపెట్టు

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మీ రొయ్యల ప్లాంటుకు ఈఆర్‌పీ, అంటే కొనుగోళ్లు, స్టాకు, అమ్మకాలు, ఖాతాలు అన్నీ నడిపే సాఫ్ట్‌వేర్, కొనడానికి నువ్వు పంపిన మూడు కొటేషన్లూ రెండుసార్లు చదివాను. మూడింట్లో ఏది మంచిదని అడిగావు. ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీల్లో ఈ పనే చేసినవాణ్ణి కాబట్టి సూటిగా చెబుతాను. మూడూ పనిచేసేవే. చూడాల్సింది వాటిని ఎలా కట్టారన్నది. ఒకటి ప్లాంటులోనే సర్వర్ పెట్టుకునే రకం. రెండోది ఇంటర్నెట్ మీద బయటి సర్వర్‌లో నడుస్తూ, మనిషికింత అని నెలనెలా డబ్బు కట్టే క్లౌడ్. మూడోది ఖాతాలు ఒక సాఫ్ట్‌వేర్‌లో, ఫ్యాక్టరీ ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఉంచి మధ్యలో అతుకు వేసి కలిపేది. ఎక్కడ ఏది తెగుతుంది, తెగితే ఎవరొచ్చి బాగుచేస్తారు అన్నదాన్ని బట్టే ఎంచుకోవాలి.

పోయిన నెల నేను మీ ప్లాంటుకు వచ్చిన రాత్రి పదకొండింటికి రొయ్యల లారీ దిగింది గుర్తుందా? రైతు 40 కౌంట్, అంటే కిలోకు 40 రొయ్యలు అన్నాడు. మీ సూపర్‌వైజర్ కిలో తూచి లెక్కపెడితే 43 తేలింది. రేటు అక్కడికక్కడే మారిపోయింది. తల తీశాక బరువులో దాదాపు మూడో వంతు పోయింది. గ్రేడింగ్‌లో ఆ ఒక్క సరుకే నాలుగు సైజులైంది. పెట్టెలోకి వెళ్లేటప్పుడు మంచు పూత బరువు చేరింది. ఆరు నెలలయ్యాక విదేశంలో కొన్నవాళ్లు ఫలానా పెట్టెలో యాంటీబయాటిక్ జాడ ఉందంటే, అది ఏ చెరువు సరుకో మీరు చెప్పాలి. సిమెంటు బస్తాలు అమ్మేవాళ్ల కోసం రాసిన స్టాక్ మాడ్యూల్‌లో ఇది ఇమడదు. మీ కంపెనీ ప్రాణం ఇక్కడుంది. జీతాలు, జీఎస్టీ, బ్యాంకు లెక్కలు మాత్రం అందరికీ ఉన్నట్టే మీకూ ఉంటాయి. ఈ రెంటినీ విడదీసి చూస్తే సగం చిక్కు తీరుతుంది.

సొంత సర్వర్ సంగతి. నేను నేర్చుకున్నది ఈ పద్ధతిలోనే. జర్మనీ సాఫ్ట్‌వేర్ కంపెనీ శాప్ వాళ్లు 1992లో ఆర్/3 అనే ఈఆర్‌పీ తెచ్చి, డేటాబేస్ ఒకచోట, లెక్కలు చేసే ప్రోగ్రాములు ఒకచోట, మనం చూసే స్క్రీన్ ఒకచోట అని మూడు అంచెలుగా విడదీశారు. అంచెలు మూడైనా డేటాబేస్ ఒక్కటే. సరుకు దిగిందని ఎంట్రీ కొట్టగానే స్టాకూ పెరుగుతుంది, లెడ్జర్‌లో రైతుకు ఇవ్వాల్సిందీ పడుతుంది. మధ్యలో అతుకు లేదు. ఆ సుఖం ఎంతో గొప్పది. కానీ అందులోనే ఒక ఉచ్చు ఉంది. కోడ్ మన చేతిలో ఉందని అడిగిన మార్పల్లా చేసేస్తాం.

నేను పనిచేసిన ఒక కంపెనీలో అలాగే అసలు కోడ్‌లో చేతులు పెట్టాం. ఆ మార్పుల కాగితాల మీద నా సంతకాలూ ఉన్నాయి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. దానికోసం వెండర్ ఇచ్చిన ప్యాచ్, అంటే సవరణ కోడ్, మా కోడ్ మీద కూర్చోలేదు. ఏడు వారాలు బిల్లులు ఎక్సెల్‌లో కొట్టి, రాత్రుళ్లు కూర్చుని మళ్లీ సిస్టమ్‌లోకి ఎక్కించాం. డిస్పాచ్ గుమాస్తా ఇన్‌వాయిస్ నంబర్లు అరచేతి మీద పెన్నుతో రాసుకుని లారీల మధ్య పరిగెత్తేవాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంటుంది. ఆర్/3 తర్వాత వచ్చిన శాప్ పాత ఈఆర్‌పీ ఈసీసీకి మామూలు సపోర్టు 2027 చివరితో ఆగుతోంది. అక్కణ్ణుంచి వాళ్ల కొత్త ఈఆర్‌పీ ఎస్/4హానాకు మారేవాళ్లను ఎక్కువగా ఏడిపిస్తున్నది ఇలా పేరుకుపోయిన సొంత కోడే. కాబట్టి మొదటిది తీసుకున్నా సరే, మీ మార్పులన్నీ బయట విడిగా రాసి ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్‌లు మాట్లాడుకునే దారి) ద్వారా కలపాలని ఒప్పందంలో రాయించు. రాత్రి రెండింటికి సర్వర్ ఆగితే వచ్చే మనిషి ఎవరో కూడా ఇప్పుడే తేల్చుకో. బ్యాకప్ తీస్తున్నాం అంటే చాలదు. దాన్ని వేరే మెషీన్‌లో ఎక్కించి, తెరిచి చూపించాలి.

క్లౌడ్‌లో కూడా రెండు రకాలున్నాయి. చాలామంది అమ్మకందార్లు ఈ తేడా చెప్పరు. మన ఒక్కళ్ల సాఫ్ట్‌వేర్‌నే అద్దె మెషీన్‌లో పెట్టడం ఒకటి. అది పైన చెప్పిన సొంత సర్వర్ కథే, సర్వర్ గది మాత్రం మన నెత్తిన ఉండదు. అసలైన రకంలో వేల కంపెనీలు ఒకే కోడ్ మీద నడుస్తాయి, ఎవరి డేటా వాళ్లది. నెట్‌సూట్ అనే ఈఆర్‌పీ 1998 నుంచీ ఈ దారిలోనే వచ్చింది. చట్టం మారితే దీని విలువ తెలుస్తుంది. ఈ-ఇన్‌వాయిస్‌నే, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయాలన్న జీఎస్టీ నిబంధననే చూడు. 2020 అక్టోబరులో 500 కోట్ల పైన టర్నోవర్ ఉన్నవాళ్లతో మొదలై 2023 ఆగస్టుకల్లా 5 కోట్లకు దిగింది. ఈ రకం క్లౌడ్‌లో అలాంటి మార్పులు వెండరే అందరికీ ఒకేసారి చేసిపెడతాడు. కానీ అప్‌డేట్ తేదీ కూడా వాడిదే, పట్టుబడుల సీజన్ నడిమధ్య వచ్చినా ఆపలేం. సరుకు దిగినప్పటి బరువు, పెట్టెలోకి వెళ్లేటప్పటి బరువు విడివిడిగా చూసే లెక్క అందులో లేకపోతే లేనట్టే. ఇంకో సంగతి. మనిషికింత అని కట్టాలి కాబట్టి ఆరుగురు ఒకే లాగిన్ వాడతారు. అప్పుడు ఎంట్రీ ఎవరు మార్చారో తెలియదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్, అంటే ప్రతి మార్పునూ రాసిపెట్టే చిట్టా, ఉండి తీరాలి, దాన్ని ఆపే వీలుండకూడదు. ఖాతాల బ్యాకప్ రోజూ ఇండియాలో ఉన్న సర్వర్‌లో పడాలి. ఈ రెండూ వెండర్ స్క్రీన్ మీద చూపించాలి, నోటిమాట తీసుకోకు.

మూడోది కలిపే రకం. నా ఓటు దీనికే, ఒక్క షరతు మీద. అతుకు ఒక్కటే ఉండాలి. మీ ఆడిటర్‌కి అలవాటైన ట్యాలీలోనే ఖాతాలు నడవనీ. చెరువు నుంచి కంటైనర్ దాకా, లాట్‌లు (ఒక్కో విడతగా దిగిన సరుకు), బరువులు, కోల్డ్ స్టోరేజ్ అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. తూకానికొకటి, గ్రేడింగ్‌కొకటి, కోల్డ్ స్టోరేజ్‌కొకటి అని చిన్నచిన్నవి కొనొద్దు. ఒకచోట ఖాతాల్లో 412 పెట్టెలు, కోల్డ్ స్టోరేజ్‌లో 397 కనిపించాయి. నాలుగు రోజులు వెతికితే తేలింది ఏంటంటే, నెట్ పోయి వచ్చాక 15 పెట్టెల రసీదు రెండోసారి వెళ్లి ఖాతాల్లో పడింది. ఎర్రర్ రాలేదు. అతుకు తెగినప్పుడు చప్పుడు చెయ్యదమ్మా. అందుకని ఒకే వోచర్ రెండుసార్లు వచ్చినా ఒక్కసారే పడేలా రాయించు. స్టాక్ విషయంలో ఫ్యాక్టరీ మాటే చెల్లాలి, డబ్బు విషయంలో ట్యాలీ మాట. రోజూ పొద్దున రెంటినీ పోల్చి సంతకం పెట్టే మనిషిని పేరు పెట్టి నియమించు.

మీ నాన్న పెద్ద పేరున్నది కొంటే బ్యాంకులో గౌరవంగా ఉంటుందన్నాడట. వాడితో నేను మాట్లాడతాను. రెండో ప్లాంటు పెట్టే రోజున మళ్లీ ఆలోచిద్దాం, మొదటిదాని అవసరం అప్పుడు నిజంగానే రావచ్చు.

సీజన్‌లో మాత్రం మారొద్దు. 1999లో అమెరికాలో హర్షీ చాక్లెట్ కంపెనీ కొత్త సిస్టమ్‌లన్నీ ఒక్కసారే, మిఠాయిలు బాగా అమ్ముడయ్యే హాలోవీన్ పండుగ ఆర్డర్ల ముందు మొదలుపెట్టింది. సరుకు చేతిలో ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది.

ఆ రాత్రి దిగిన లారీ కాగితాలు ఫైల్లోంచి తీసి ఉంచు. వాళ్లు తెచ్చే తయారు డేటా వద్దు, ఆ లాట్‌నే ముగ్గురి ముందూ పెట్టి ఎంట్రీ చేయించు. పెట్టె నంబర్ చెప్పి చెరువు దాకా వెనక్కి వెళ్లమను. తర్వాత నెట్ కేబుల్ పీకేసి ఇంకో లారీ దింపమను. ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను, ఈలోపు ఒక్కరి డెమో అయినా అయ్యేలా చూడు.

పెదనాన్న