తోటలు చూడబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు పంపిన జాబితా చూశాను. ఐదు రోజుల్లో ఏడు బొటానికల్ గార్డెన్లు, రెండు అర్బోరేటాలు (రకరకాల చెట్లను సేకరించి పెంచే తోటలు)! నీ వయసులో నేనూ ఇదే పని చేశాను. నాలుగు రోజుల్లో ఆరు తోటలు చుట్టి వచ్చి ఫొటోలు కడిగిస్తే, ఏ చెట్టు ఏ తోటలోదో ఒక్కటీ చెప్పలేకపోయాను. కాళ్ల నొప్పులు మాత్రం వారం రోజులు గుర్తున్నాయి. అందుకని ఆ జాబితాలో మూడు ఉంచి మిగతావి కొట్టెయ్. ఆ మూడింట్లో నీకు దగ్గరగా ఉన్నదానికి ఏడాదిలో నాలుగుసార్లు వెళ్లు. తక్కిన రెండూ ఆ తర్వాత చూద్దువుగాని.

పార్కులో చెట్టు ఉంటే నీడకో అందానికో ఉంటుంది. బొటానికల్ గార్డెన్‌లో చెట్టుకి చిట్టా ఉంటుంది: ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు నాటారు. 1545లో ఇటలీలోని పాడువాలో విశ్వవిద్యాలయానికి తోట వేసింది వైద్యం చదివేవాళ్లు మందుమొక్కల్ని సరిగ్గా గుర్తుపట్టడం నేర్చుకోవాలని. ఒక ఆకు బదులు ఇంకో ఆకు నూరితే రోగి ప్రాణం మీదికి వస్తుంది మరి. ఆ తోట ఇప్పటికీ వేసినచోటే ఉంది.

కాబట్టి చెట్టు దగ్గరుండే బోర్డు చదవడం అలవాటు చేసుకో. శాస్త్రీయ నామం, కుటుంబం, పుట్టిన దేశం, కింద ఓ నంబరు. ఆ నంబరును అందరూ వదిలేస్తారు, నువ్వు వదలకు. చాలా తోటల్లో మొక్క అక్కడికి చేరిన సంవత్సరం దాంట్లోనే ఉంటుంది. పేరు మధ్యలో గుణకారం గుర్తు కనిపిస్తే అది సంకరం. ఒంటి కొటేషన్ల మధ్య పేరు ఉంటే మనుషులు ఏరి పెంచుకున్న రకం. అలాగని పేరును గుడ్డిగా నమ్మేయకు. సిల్లా పెరూవియానా అని ఓ నీలిపూల మొక్క ఉంది. పేరులో పెరూ ఉన్నా అది మధ్యధరా తీరపు మొక్క. పేరు పెట్టినాయన పొరపడ్డాడు, పొరపాటు మాత్రం స్థిరపడిపోయింది.

బోర్డు చదవకపోతే ఏం పోతుందంటావా? లండన్‌లోని క్యూ తోటలో ఎన్సెఫలార్టోస్ వుడీ అనే సైకాడ్, అంటే పూలు పూయని ఓ పురాతన రకం మొక్క, ఉంది. చూడ్డానికి పొట్టి ఈతచెట్టులా ఉంటుంది, జనం పక్కనుంచే వెళ్లిపోతారు. దక్షిణాఫ్రికా అడవిలో 1895లో ఆ జాతి చెట్టు ఒక్కటే దొరికింది, అదీ మగది. తర్వాత ఎంత వెతికినా ఆడ చెట్టు దొరకలేదు. ఇప్పుడు లోకంలో ఉన్నవన్నీ ఆ ఒక్కదాని పిలకల నుంచి వచ్చినవే. ఇది తెలిశాక దాని ముందు నిలబడితే మాట రాదు. ప్రతి తోటలోనూ ఇలాంటిది ఒకటో రెండో ఉంటాయి. లోపలికి వెళ్లగానే అక్కడి తోటమాలిని అడుగు, గేటు దగ్గరిచ్చే కరపత్రం కన్నా ఆయన మాటే నయం.

నాలుగుసార్లు ఎందుకంటున్నానంటే, పూలప్పుడు వెళితే పూలే చూస్తావు. ఆకురాల్చే చెట్లున్న అర్బోరేటానికి అవి మోడువారినప్పుడు ఒక్కసారైనా వెళ్లాలి. కొమ్మలు విడే తీరు, బెరడు పగుళ్లు, మొగ్గలు అప్పుడే బయటపడతాయి. ఆకు లేకుండా చెట్టును గుర్తుపట్టగలిగిన రోజు నాకు ఫోన్ చెయ్. భారీ పూగుత్తి వేసే టైటన్ ఆరమ్ లాంటి మొక్కల సంగతి వేరు. ఏళ్ల తరబడి ఊరించి, విచ్చుకున్నాక రెండు రోజుల్లో వాలిపోతుంది. అది మొగ్గ తొడిగిందని తెలిస్తే మాత్రం పనులన్నీ మానుకుని పరుగెత్తు, నేనేమీ అనను.

చిన్న సంగతులు కొన్ని. వెళ్లేముందు అద్దాల ఇల్లు (మొక్కల్ని వెచ్చగా ఉంచే గ్రీన్‌హౌస్) తెరిచి ఉందో లేదో కనుక్కో, మరమ్మతులని తరచూ మూసేస్తారు. చలిలోంచి నేరుగా లోపలికి వెళితే కళ్లజోడూ కెమెరా అద్దమూ మసకబారతాయి. తుడిచి లాభం లేదు, పది నిమిషాలు ఆగితే అదే పోతుంది. రాలిన గింజైనా అడగకుండా జేబులో వేసుకోకు. ఫొటో కోసం చెట్టు మొదట్లోకి వెళ్లి నిలబడకు. అక్కడ మట్టి గట్టిపడితే వేళ్లకు గాలీ నీరూ అందవు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక తోట నుంచి ఇంకో తోటకి వెళ్లేముందు బూట్ల అడుగున మట్టి గీకి కడుక్కో. ఫైటాఫ్తోరా లాంటి వేరుకుళ్లు తెగుళ్లు ఆ మట్టితోనే ప్రయాణం చేస్తాయి. వందేళ్ల చెట్టుకి మనం మోసుకెళ్లే కానుక అది కాకూడదు.

ఇక ఆ మూడు తోటలేవో తేల్చుకుని, మొదటిదాంట్లో ఒక చెట్టును నీదిగా ఎంచుకో. దాని పేరు, బోర్డు మీది నంబరుతో సహా నాకు రాసి పంపు.

మీ మామయ్య