పట్టాల పక్కన: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రిటన్ పాత గూడ్సు డీజిల్ ఇంజన్ల గురించే. నాలుగింటికి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: వీడియోల్లో క్లాస్ 20 ఇంజన్లు ఎప్పుడు చూసినా జంటగా, ముక్కుకి ముక్కు ఆనించి కనిపిస్తాయి. ఒక్కదానికి బలం చాలకనేనా? – సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అదొక్కటే కాదు, చూపు కూడా చాలదు. ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ 1957 నుంచి 1968 దాకా ఇవి 228 తయారుచేసింది. ఒక్కోటి 1000 హార్స్‌పవర్. కేబిన్ ఒక్క చివరే ఉంటుంది. బానెట్, అంటే పొడుగు ముక్కు, ముందు పెట్టి నడిపితే అవతలి పక్క సిగ్నల్ డ్రైవర్‌కి కనపడదు. పొడుగు ముక్కు ముందుంచి మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ నడిపినవాళ్లకి ఈ తిప్పలు కొత్త కాదు. ఆవిరి ఇంజన్‌లో ఫైర్‌మన్ అటుపక్క ఓ కన్నేసి ఉంచేవాడు. డీజిల్‌ని ఒక్కరే నడపాలనేసరికి ఇబ్బంది బయటపడింది. రెండిటి బానెట్లూ లోపలికి, కేబిన్లు బయటికి ఉండేలా కలిపితే ఎటు వెళ్లినా ముందు కేబినే ఉంటుంది. పైగా 2000 హార్స్‌పవర్ చేతికొస్తుంది. రెండిటి మధ్య కంట్రోల్ కేబుల్‌తోపాటు గాలి గొట్టాలూ కలపాలి. ఇంజన్ వేగాన్ని పెంచేది గాలి ఒత్తిడే కాబట్టి, ఆ గొట్టం జాయింట్ దగ్గర లీకైతే వెనక ఇంజన్ తన వంతు లాగదు.

ఫొటోలో పాతదో కొత్తదో పోల్చుకోవాలంటే ముక్కు చూడండి. మొదటి 128కి రైలు రకం తెలిపే తెల్లటి మడత డిస్కులు, తర్వాతవాటికి బండి నంబర్ చూపే పెట్టె. మా ఓటు డిస్కులకే.

ప్రశ్న: క్లాస్ 20, క్లాస్ 37 ఒకే కంపెనీవి కదా, శబ్దం అంత వేరుగా ఎందుకుంటుంది? – గుంటుపల్లి

జవాబు: రెండిటి సిలిండర్ కొలత ఒకటే: 10 అంగుళాల వ్యాసం, 12 అంగుళాల స్ట్రోక్. ఐడిలింగ్ (బండి లాగకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పటి వేగం) కూడా రెండిటికీ నిమిషానికి 450 చుట్లే. తేడా సిలిండర్ల సంఖ్యలో ఉంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి ప్రతి సిలిండర్ రెండు చుట్లకోసారి పేలుతుంది. ఆ లెక్కన 8 సిలిండర్ల క్లాస్ 20లో సెకనుకి 30 దెబ్బలు, 12 సిలిండర్ల 37లో 45. ముప్పై దగ్గర దెబ్బకి దెబ్బ విడిగా తెలుస్తుంది. హెలికాప్టర్‌లా ఉందని అక్కడి అభిమానులు దాన్ని ‘చాపర్’ అంటారు. 45 దగ్గరికొచ్చేసరికి దెబ్బలు కలిసిపోయి గుర్రుమంటుంది.

ప్రశ్న: ఓఓ స్కేల్ క్లాస్ 37 మోడల్ తెప్పించుకుంటున్నాను. మూడడుగుల వెడల్పు బల్ల మీద గుండ్రటి ట్రాక్ పడుతుందా? – అరండల్‌పేట, గుంటూరు

జవాబు: బల్ల అంచుకి అంచు సరిపోతుంది, అదే ప్రమాదం. ఈ స్కేల్ 1:76, ట్రాక్ వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. 37 మోడల్ పొడవు సుమారు 246 మి.మీ. ఇంత పొడుగు ఆరు ఇరుసుల ఇంజన్‌కి కనీసం సెకండ్ రేడియస్, అంటే 438 మి.మీ. వంపు ఉండాలి. చుట్టు వ్యాసం 876, స్లీపర్లతో కలిపి 908 దాకా వస్తుంది. మీ బల్ల 914. పట్టా తప్పిందంటే ఇంజన్ నేరుగా నేల మీదే.

12 మి.మీ. ప్లైవుడ్ 8×4 షీటు కొని సగానికి కోయించండి. 4×4 అడుగుల ముక్క మీద 45 డిగ్రీల వంపు ముక్కలు 8, ఒక్కో పక్కకి 168 మి.మీ. తిన్నని ముక్క ఒకటి చొప్పున పెడితే చుట్టూ ఖాళీ మిగులుతుంది. పక్కకి రెండేసి పెట్టాలని చూస్తే పొడవు 1244కి చేరి బల్ల దాటిపోతుంది. రంగు రెండు పక్కలా వెయ్యాలి. పైనొక్కటే వేస్తే మన వానాకాలం చెమ్మకి అడుగు ఉబ్బి బల్ల వంగిపోతుంది, వంగిన చోట పట్టా జాయింట్లు నోరు తెరుస్తాయి.

ఇంజన్ నెమ్మదిగా పోతూ ఆగి, వేలితో నెడితే కదిలిందంటే కరెంటు అందడం లేదన్నమాట. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలు గుడ్డతో పట్టాలూ చక్రాలూ తుడవండి. గరుకు కాగితం జోలికి వెళ్లొద్దు, అది పెట్టిన గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తూ బండి కదలకపోయినా, చక్రం చుట్టు చుట్టుకీ టిక్కుమన్నా, ఇరుసు మీది ప్లాస్టిక్ గేర్ చీలి ఉంటుంది. దాన్ని అతికించకండి, గేర్ మార్చండి. ప్లాస్టిక్‌కి పడే నూనె సూదిమొనంత చాలు. ఎక్కువైతే చక్రాల మీదికి, అక్కణ్నుంచి పట్టాల మీదికి పాకి, మళ్లీ కరెంటు తగాదా మొదలు.

ప్రశ్న: చలికాలంలో ఇంగ్లండ్‌లో పాత రైళ్లు నడిపే సెవెర్న్ వ్యాలీ రైల్వేకి వెళ్తున్నాను. పాత డీజిల్‌ని స్టార్ట్ చేసేముందు చాలాసేపు చేత్తో తిప్పుతారట, ఎందుకు? – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రాత్రంతా ఆగి ఉన్నప్పుడు కూలింగ్ నీరు సిలిండర్‌లోకి కారి ఉండొచ్చు. నీరు నొక్కుకుపోదు, కాబట్టి అలాగే స్టార్ట్ చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అందుకే సిలిండర్ల కాక్‌లన్నీ (చిన్న కుళాయిల్లాంటివి) తెరిచి, ఇంజన్‌ని కడ్డీతో రెండు పూర్తి చుట్లు తిప్పుతారు. ఏ కాక్ నుంచైనా నీరు చిమ్మితే ఆ రోజుకి ఆ బండి లేనట్టే. డబ్ల్యూడీఎం-2 లాంటి మన ఆల్కో డీజిల్ ఇంజన్లకీ ఇదే భయం. తర్వాత ఆయిల్ పంపుతో బేరింగులు తడిపి, బ్యాటరీ కరెంటుతో మెయిన్ జనరేటర్‌నే మోటారులా తిప్పి స్టార్ట్ చేస్తారు. చలికి ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. సిలిండర్లు ఇంకా చల్లగానే ఉంటాయి కాబట్టి మొదటి నిమిషాల్లో మండని డీజిల్ తెల్లటి పొగగా లేస్తుంది. ఫొటో కావాలంటే గాలి ఎటు వీస్తోందో చూసుకుని ఎదురు పక్క నిలబడండి.