పెదనాన్న చెప్పే 1966 ఎండ

ప్రశ్న: మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా ఒకటే గొడవండీ. నేను వాతావరణ మార్పు గురించి ఏది పెట్టినా మా పెదనాన్న దిగిపోతారు. "1966లో మేం చూసిన ఎండ ముందు మీ ఎండలెంత? హైదరాబాద్ రికార్డు ఇప్పటికీ ఆ ఏడాదిదే, చూసుకో" అంటారు. వెతికి చూస్తే అది నిజమే! 2025లో రోహిణి కార్తెలోనే వానలు పడ్డాయిగా, ఇక భూమి వేడెక్కిందెక్కడ అని ఇంకో పోటు. ఒళ్లు మండి 2020 అక్టోబరులో మా కాలనీ మునిగినప్పటి వీడియో పెట్టి "మరి ఇదేంటి?" అన్నాను. "1908 మూసీ వరద గురించి చదువుకున్నావా?" అన్నారు. అంతే, నాకు నోట మాట రాలేదు. ఆయన చెప్పేవేవీ అబద్ధాలు కావు. మరి తేడా ఎక్కడ కొడుతోంది?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ముందు పెదనాన్నగారికి ఇవ్వాల్సిన మార్కు ఇచ్చేద్దాం. 1966 జూన్ 2న హైదరాబాద్‌లో 45.5 డిగ్రీలు నమోదైంది, ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె అంటే అదే మరి. కాకపోతే అదే రికార్డుల పట్టికలో చలికి కూడా ఒక గడి ఉంటుంది. అందులో ఉన్నది 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8. అదీ ఇప్పటిదాకా చెదరలేదు. ఆయన పద్ధతిలోనే పోతే, 1946 తర్వాత అంత చలి మళ్లీ రాలేదు కాబట్టి ఊరు వేడెక్కిపోయిందని మీరు అనొచ్చు! ఒకే పట్టికలో ఆయన ఎండ గడి చూపిస్తారు, మీరు చలి గడి చూపిస్తారు, ఇద్దరూ నిజమే చెప్తారు, గొడవ మాత్రం తేలదు. థర్మామీటరు కొలిచింది కాబట్టి అది సాక్ష్యం అనుకుంటాం గానీ, వేల రోజుల్లోంచి ఒక్క రోజును మనమే ఏరుకున్నాక అది కూడా "మా ఊళ్లో ఒకసారి ఏమైందంటే" లాంటి కబురే.

ఏరకుండా అన్నీ లెక్కపెడితే ఏమవుతుంది? అమెరికాలో ఆ పని చేశారు. దేశమంతటా ఉన్న కేంద్రాల్లో ఏ రోజు కొత్త వేడి రికార్డు వచ్చింది, ఏ రోజు కొత్త చలి రికార్డు వచ్చింది అని వరసగా లెక్కేశారు. వాతావరణంలో మార్పు లేకపోతే రెండూ దాదాపు సమానంగా రావాలి. 1950లలో అలాగే ఉన్నాయి. 2000 తర్వాతి పదేళ్లలో మాత్రం ఒక చలి రికార్డుకు రెండు వేడి రికార్డులు వచ్చాయి. చలి రికార్డులు ఆగిపోలేదు, గమనించండి. అందుకే ఎవరైనా ఎప్పుడైనా ఒక చలి రోజు పట్టుకొచ్చి చూపించగలరు. 2015 ఫిబ్రవరి 26న జేమ్స్ ఇన్‌హోఫ్ అనే సెనేటర్ ఏకంగా మంచు ముద్దను అమెరికా సెనేట్‌లోకి తెచ్చి, బయట ఎంత చలిగా ఉందో చూడండి అన్నారు. ప్రపంచం మొత్తం సగటు తీస్తే అప్పటిదాకా నమోదైన సంవత్సరాలన్నిటిలోకీ వేడి సంవత్సరం ఆ 2015వే. అదే ఏడాది మేలో మన రెండు రాష్ట్రాల్లో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా పోయారు. ఇది చదవగానే గ్రూపులో పెట్టాలనిపిస్తోంది కదూ? పెట్టకండి. అది మన వైపు మంచు ముద్ద అవుతుంది.

ఇప్పుడు మీ వీడియో సంగతి. మీకు నచ్చకపోవచ్చు గానీ అదీ ఆ బాపతే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు, కుండపోతలు పెరగడానికి అదొక కారణం, అంతవరకు సైన్సు మీ పక్షమే. కానీ మీ కాలనీలోకి వచ్చిన నీళ్లలో ఆకాశం వాటా ఎంత, పూడిపోయిన నాలా వాటా ఎంత, చెరువు శిఖంలో లేచిన అపార్టుమెంట్ల వాటా ఎంత అన్నది వీడియో చెప్పదు. 1908 కూడా ఇంతే. ఆ వరద తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అంటే అప్పటి మూసీ వేరు, ఇప్పటి మూసీ వేరు, రెండు వరదల్ని పక్కపక్కన పెట్టి ఎవరు గెలిచారని చూడటంలో అర్థం లేదు. 2025లో తొందరగా వచ్చిన వానలదీ అదే కథ, ఒక ఏడాది రుతుపవనాలు ముందొస్తాయి, ఒక ఏడాది ఏడిపిస్తాయి.

దేశం మొత్తానికి చూడాలంటే వాతావరణ శాఖ దగ్గర 1901 నుంచీ సగటులు ఉన్నాయి. వాటిలో అత్యంత వేడి సంవత్సరం 2024, అదీ 1991–2020 సగటు కంటే 0.65 డిగ్రీలు ఎక్కువ. "అర డిగ్రీకి ఇంత గోలా" అని పెదనాన్నగారు అనడం ఖాయం. అది ఒక మధ్యాహ్నం లెక్క కాదు, కశ్మీరూ కన్యాకుమారీ, పగలూ రాత్రీ, పన్నెండు నెలలూ కలిపి తీసిన లెక్క అని చెప్పండి.

ఊళ్లో కాంక్రీటు పెరిగింది కాబట్టి వేడి, అంతేగా అని కూడా అడుగుతారు. మంచి ప్రశ్నే. రిచర్డ్ ముల్లర్ అనే అమెరికన్ ఫిజిక్స్ ప్రొఫెసర్‌కు అచ్చంగా ఈ అనుమానమే వచ్చింది. ఆయన బృందం లెక్కలన్నీ మొదటి నుంచీ మళ్లీ చేసింది, నగరాల వేడి వల్ల ప్రపంచ సగటు తప్పుగా రావట్లేదని తేలింది, 2012లో ఆయనే పత్రికలో రాసి తన అభిప్రాయం మార్చుకున్నారు. (ఇలా మార్చుకునేవాళ్లు మన గ్రూపుల్లో ఒక్కరైనా ఉంటే బాగుండు.)

అలాగని పెద్దవాళ్ల మాట పనికిరాదని నేననను. జపాన్‌లో సువా అనే సరస్సు ఉంది. చలికాలంలో గడ్డకట్టి, మంచు పగిలి గట్టులా లేస్తే, దేవుడు సరస్సు దాటి వెళ్లాడని అక్కడి నమ్మకం. ఆ గట్టు ఎప్పుడు లేచిందో పూజారులు 1443 నుంచీ రాసిపెడుతున్నారు. మొదటి 250 ఏళ్లలో సరస్సు గడ్డకట్టని సంవత్సరాలు మూడే. 2005–2014 మధ్య పదేళ్లలోనే ఐదు. ఆ పూజారులకు కార్బన్ డయాక్సైడ్ గురించి ఏం తెలుసు? ఒకే చోట, ఒకే గుర్తును, గడ్డకట్టని ఏడు కూడా వదలకుండా రాశారు, అంతే. అలా రాస్తే నమ్మకమే డేటా అయింది. మన బుర్రకు అంత ఓపిక లేదు, ఏది మామూలు ఎండ అన్నది మనుషులు గత రెండు నుంచి ఎనిమిదేళ్ల అనుభవాన్ని బట్టే తేల్చుకుంటున్నారని అమెరికా ట్విటర్ పోస్టుల మీద చేసిన ఒక పరిశోధనలో తేలింది. పైగా పెదనాన్నగారు 1966లో కుర్రాడు, ఏసీ అలవాటు లేని ఒళ్లు. ఆయన్ని ఓడించే పని మానేసి, డాబా మీద పడుకునే రోజుల్లో ఏ నెల దాకా తెల్లవారుజామున దుప్పటి కప్పుకునేవారో అడగండి. కబుర్లయినా బాగా వస్తాయి.

ప్రశ్న: మే నెలలో మా కారు 47 చూపిస్తుంది, ఫోను 43 అంటుంది, వార్తల్లో 41 చెప్తారు. జనం భయపడతారని దాస్తున్నారా?
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: దాయడం కాదండీ. వాతావరణ శాఖ థర్మామీటరు తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడేలా, ఎండ నేరుగా తగలకుండా ఉంటుంది. మీ ఫోను చూపించేది కంప్యూటర్ వేసిన అంచనా. ఇక కారు సెన్సరు బంపర్ దగ్గర కూర్చుని తారు రోడ్డు సెగా, ఇంజిన్ సెగా రెండూ పీలుస్తుంది. కారు హైవే మీద ఓ పది నిమిషాలు పోయాక చూడండి, ఆ 47 కాస్త దిగుతుంది.